జోలె పట్టి చదువుకున్న గాయకుడు

వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు పాత సంచికల్లో రాసే ఉన్నారు. ఈసారి ఎవరి గురించి రాయాలన్న మాట వచ్చినప్పుడు మాకు దారి చూపించింది ఒక గ్రామఫోను ప్లేటు.

పోయిన ఏడాది పూర్వ విద్యార్థుల కలయికకు వచ్చిన ఒక పెద్దాయన ఆ ప్లేటును తువ్వాలులో చుట్టి తెచ్చారు. వాళ్ళ నాన్న గారు కుర్రతనంలో గుడివాడ ప్రాంతంలో ఒక మైకు సెట్టు షాపులో పనిచేసేవారట. పెళ్ళిళ్ళకీ, జాతర్లకీ బాకాలు కట్టడం, పెట్టె మోయడం, ప్లేటు ప్లేటుకీ ముల్లు మార్చడం ఆయన పని. షాపు మూసేసేటప్పుడు కూలి బాకీ కింద కొన్ని ప్లేట్లు ఇచ్చారు. వాటిలో మిగిలింది ఈ ఒక్కటే. కరుణశ్రీ గారి పుష్పవిలాపం, పాడింది ఘంటసాల. మన హాస్టల్లో ఉంచమని ఆయన ఇచ్చి వెళ్ళారు.

ఉంచాము గానీ వినేది ఎలాగ? సెల్‌ఫోన్‌లో ఆ పద్యాలు క్షణంలో దొరుకుతాయి. మా పట్టుదలల్లా ఆ ప్లేటునే వినాలని. విజయవాడలో పాత మైకు సెట్లు బాగుచేసే ఒకాయన దగ్గర కీ ఇచ్చి తిప్పే పెట్టె ఉందని తెలిసి, ప్లేటును రెండు అట్టల మధ్య పెట్టి బస్సెక్కాము. తప్పు మాదే. సీట్లు లేక నిలబడ్డాము, అట్టలు పట్టుకున్న వాడి మీద జనం ఒరిగారు. దిగి చూసుకుంటే అంచు నుంచి లోపలికి వెంట్రుకంత పగులు. లక్క కలిపి చేసే ఆ పాత ప్లేట్లు గాజు గ్లాసులాంటివని అప్పటిదాకా మాకు తెలియదు. అయినా ఆ పెద్దమనిషి విసుక్కోకుండా కొత్త ముల్లు బిగించి, కీ ఇచ్చి పెట్టారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు గనక నిమిషానికి 78 సార్లు టక్కు టక్కుమంటూ పగులు వినిపించింది. దాని వెనక ఆ గొంతు. రెండు వైపులా రెండేసి సార్లు విని, డబ్బులు తీసుకోమంటే ఆయన తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలోనే ఈ ఏటి వ్యాసం ఎవరి మీదో తేలిపోయింది.

తేలిపోయిందని రాశాము గానీ, నిజానికి సంపాదక వర్గంలో రెండు సాయంత్రాలు వాదన నడిచింది. అగ్రహారం నుంచి వచ్చిన గాయకుడు, భగవద్గీత పాడినాయన, మన సంచికకు ఎందుకని కొందరు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. జవాబు కోసం ఆయన జీవితం చదువుతూ పోతే విజయనగరం దగ్గర అందరమూ ఆగాము. మన హాస్టళ్ళు లేని కాలంలో అన్నం లేని పిల్లవాడు చదువు ఎలా చదివాడన్నది అక్కడ ఉంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించారు. సూరయ్య గారికి ఆస్తిపాస్తులు అంతంత మాత్రం. ఆయనకు తెలిసిందల్లా పాట, మృదంగం. ఊరూరా భజనలకు వెళ్ళి నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజాన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. ఆ బుడతడు తరంగాలకు అడుగులు వేస్తుంటే జనం ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారు. పదేళ్ళు దాటీ దాటకముందే తండ్రి పోయారు. పోయేముందు కొడుకును సంగీతం నేర్చుకోమని కోరారు. ఆ తరువాత కుటుంబాన్ని మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆదుకున్నారు.

తండ్రికిచ్చిన మాట నిలబెట్టుకోవడం అంత సులువు కాలేదు. సంగీతం తెలిసినవారి ఇళ్ళల్లో చేరి ఒకచోట బట్టలు ఉతికాడు, ఇంకొకచోట వంట చేశాడు. చాకిరీ జరిగిందే తప్ప పాఠం పెద్దగా జరగలేదు. చివరికి విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఉందని విని, చేతికున్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్ముకుని రైలెక్కాడు. కృష్ణా జిల్లా పిల్లవాడికి విజయనగరం ఆ రోజుల్లో పరాయి దేశంతో సమానం.

వెళ్ళేసరికి వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ ఆవరణలో పడుకోవడానికి అనుమతి ఇచ్చారు. తిండికి వారాలు కుదిరాయి. వారాలంటే ఇప్పటి తమ్ముళ్ళకు తెలియకపోవచ్చు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, ఇలా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు ఒప్పుకుంటే పేద విద్యార్థి అన్నం గడిచేది. ఇంతలో తోటి కుర్రాళ్ళు చేసిన ఒక తప్పు ఇతని మీద పడింది. ఉన్న చోటు నుంచి వెళ్ళగొట్టారు. ఆ కబురు వీధిలో పాకి, వారాలిచ్చే ఇళ్ళవాళ్ళు తలుపులు వేసుకున్నారు. చేయని తప్పుకు తిండీ పోయింది, నీడా పోయింది. ఊళ్ళో ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి గారు పిల్లవాడిని చూసి, సంగతి కనుక్కుని ఇంటికి రమ్మన్నారు. శాస్త్రి గారు సాలూరు ప్రాంతం వారు, కళాశాలలో గాత్రం చెప్పే పండితులు. ఆయన సంసారమే గడవడం కష్టం. పాఠం ఉచితంగా చెబుతాను గానీ అన్నం పెట్టలేనని ఉన్నమాట చెప్పారు. మాకు ఈ ఘట్టంలో అందరికన్నా శాస్త్రి గారే పెద్దగా కనిపిస్తారు. లేనిది ఉందనలేదు, ఉన్నది దాచుకోలేదు.

అన్నానికి ఒక తోటి విద్యార్థి దారి చెప్పాడు. మాధుకరం. భుజాన జోలె కట్టుకుని ఇంటింటి ముందూ నిలబడి అడుక్కోవడం. పదహారు పదిహేడేళ్ళ కుర్రాడు, సిగ్గు ఎక్కువగా ఉండే వయసు. మొదటి రోజు ఆ జోలెలో అన్నం వేసిన తల్లి విజయనగరంలో కళావర్ రింగ్ అని పేరుపొందిన గాయని సరిదె లక్ష్మీనరసమ్మ గారని చెబుతారు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. మంచి ఇళ్ళనిపించుకున్నవి తలుపులు మూసిన ఊళ్ళో ఆ ఇల్లు తలుపు తెరిచింది. పొద్దున తెచ్చుకున్న అన్నంలో సగం రాత్రికి గుడ్డలో మూటకట్టి దాచుకుంటే చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బుతో మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి కొనుక్కున్నాడు.

మన హాస్టల్లో చేరిన మొదటి రోజు కంచం, గ్లాసు, రేకు పెట్టె కొనుక్కుని ఎవరిది వారు గోటితో గీసి పేర్లు రాసుకున్న సంగతి మనలో మరచినవారుండరు. ఆ డబ్బా సంగతి చదివినప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ జోలె కూడా అందరి భుజానికీ దక్కేది కాదు. ఘంటసాల ఏ ఇంటి ముందైనా నిలబడి అడగగలిగారంటే ఆయన పుట్టుక అందుకు అడ్డు కాలేదు. అదే ఏడు మన తాతలు అదే వీధిలో నిలబడితే గుమ్మం దాకా రానిచ్చేవారు కారు, కళాశాల గేటు మాట సరేసరి. ఆయన ఆకలి నిజం, ఆ ఆకలికి ఉన్న దారి మనవాళ్ళకు లేదన్నదీ నిజం. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఆ రెండో నిజంలోంచి పుట్టాయి. వాదనలో మా రెండు పక్షాలూ కలిసింది ఈ మాట దగ్గరే.

శాస్త్రి గారి శిక్షణలో నాలుగేళ్ళ కోర్సు రెండేళ్ళలో పూర్తయింది. పట్టా పుచ్చుకుని సొంతూరు వచ్చి పిల్లలకు సంగీతం చెబుతూ, ఉత్సవాల్లో పాడుతూ ఉండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఊళ్ళు తిరిగి ఉద్యమ గీతాలు పాడారు. అరెస్టు చేసి బళ్ళారి దగ్గరి అలీపురం జైలుకు పంపారు. సుమారు ఏడాదిన్నర అక్కడే. విడుదలై వచ్చాక 1944లో సావిత్రి గారితో పెళ్ళి జరిగింది. ఆ సాయంత్రం కచేరీ చేసింది పెళ్ళికొడుకే. వేరే విద్వాంసుడికి సంభావన ఇచ్చే స్తోమతు లేకనో, సరదాకో, మాకు మటుకు రెండూ అయి ఉంటాయనిపిస్తుంది.

అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారిది ఆ ఊరే. ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. అప్పు చేసి మద్రాసు చేరారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది, అక్కడ ఉండి ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక పగలు పానగల్ పార్కులో గడిపేవారు. రాత్రి ఒక ఆఫీసు వరండాలో, వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి పడుకునేవారు. 1944లో వచ్చిన సీతారామ జననంలో బృందగానంలో గొంతు కలిపి, చిన్న వేషం కూడా వేశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు హీరోగా నటించిన మొదటి సినిమా అదే. ఆనాడు ఒకరు తెర ముందు హీరో, ఇంకొకరు కోరస్‌లో పదిమందిలో ఒకరు.

ముందుగా దారి తెరిచింది మద్రాసు రేడియో, తరువాత గ్రామఫోను కంపెనీ. మొదట్లో ఈ గొంతు మైకుకు పనికిరాదని కంపెనీలో తిప్పి పంపారని చెబుతారు. తరువాత ఆ కంపెనీలో పనిచేస్తున్న పేకేటి శివరాం గారు పట్టుబట్టి పాడించారు. శివరాం గారు తరువాత సినిమాల్లో నటుడిగా, దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు గానీ, ఘంటసాలను ప్లేటుకెక్కించిన మనిషిగానే ఆయనను ఎక్కువగా తలుచుకోవాలని మా ఉద్దేశం.

కంపెనీ అంటే హెచ్.ఎం.వి. బాకా ముందు కుక్క బొమ్మ కంపెనీ. మన దేశంలో పాటను ప్లేటుకెక్కించడం 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ వంటి గాయనుల గానంతో మొదలయింది. తరువాత ప్లేట్లు అచ్చువేసే పెద్ద కర్మాగారం కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో వెలిసింది. మద్రాసులో పాడినా, ప్లేటు తయారై రావలసింది అక్కడి నుంచే. చిన్న కంపెనీలు లేకపోలేదు. కలకత్తాలో హిందుస్థాన్, మెగాఫోన్ ఉండేవి. మద్రాసులో ఎ.వి. మెయ్యప్పన్ గారు 1930లలో సరస్వతి స్టోర్స్ పెట్టి ఓడియన్ ప్లేట్లు తీశారు. ఆ డబ్బుతో, ఆ అనుభవంతోనే తరువాత ఏ.వి.ఎం. స్టూడియో కట్టారు. కానీ అచ్చు యంత్రం ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వారిదే. పెద్ద కంపెనీ కాదంటే గాయకుడికి పోవడానికి మరో గుమ్మం దాదాపు లేదు.

ఈ సందర్భంలో అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ నల్లవారి పాటల ప్లేట్లకు వ్యాపారులు జాతి ప్లేట్లు అని విడిగా పేరు పెట్టి, విడిగా అమ్మేవారు. సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ 1949లో ఆ పేరు తీసేసి రిథమ్ అండ్ బ్లూస్ అని పెట్టింది. పెద్ద కంపెనీలు పట్టించుకోని ఆ గాయకులను పట్టుకుని ఊరికొకటి చొప్పున చిన్న చిన్న కంపెనీలు పుట్టాయి. ఇండియానా రాష్ట్రంలో గేరీ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్ళో వివియన్ కార్టర్, జేమ్స్ బ్రాకెన్ అనే నల్లజాతి దంపతులు ప్లేట్ల దుకాణం నడుపుకుంటూ, 500 డాలర్లు అప్పు తెచ్చి 1953లో వీ-జే అనే కంపెనీ పెట్టారు. వాళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలే కంపెనీ పేరు. జిమ్మీ రీడ్ వంటి గాయకులను దేశమంతా వినిపించారు. 1963లో ఇంగ్లండు నుంచి వచ్చిన బీటిల్స్ పాటలను అమెరికాలో మొదట అమ్మినవారిలో వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్లేట్లు లక్షల్లో అమ్ముడుపోయినా, లెక్కలు కుదరక, అప్పులు మీదపడి 1966లో కంపెనీ దివాలా తీసింది. పదమూడేళ్ళ ముచ్చట. అయినా ఆ పదమూడేళ్ళు తమవాళ్ళ గొంతులకు తమవాళ్ళే గుమ్మం తెరిచారు. మనకు అలాంటి ఊరి కంపెనీ లేకపోయింది. పేకేటి శివరాం వంటి ఒక మనిషి మనసు మీద కథంతా ఆధారపడింది.

ప్లేటు వల్ల పద్యం ఎలా మారిందో చెప్పకపోతే ఘంటసాల సంగతి సగమే చెప్పినట్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్య నాటకమంటే ప్రాణం. నాటకం రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారేది. ఒక్క పద్యం మీద నటుడు పది పదిహేను నిమిషాలు రాగం తీసేవాడు, జనం వన్స్‌మోర్ కొడితే మళ్ళీ మొదటికి. హరిశ్చంద్ర కాటిసీను కోసం, అందులో కలిపి పాడే జాషువా గారి శ్మశానవాటి పద్యాల కోసం మన పల్లెల జనం బండ్లు కట్టుకుని వెళ్ళేవారు. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర మన పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. ఆ పద్ధతిలో గొంతు ముఖ్యం, రాగం ముఖ్యం. మాట ఒక్కోసారి రాగం కింద పడి నలిగిపోయేది.

గ్రామఫోను ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. అంతలో పద్యం చెప్పాలి, అర్థం వినేవాడి మనసుకు తగలాలి. ఘంటసాల రాగాన్ని కత్తిరించారు. ఎక్కడ ఆపితే మాట వెలుగుతుందో అక్కడే ఆపి, ఏ మాటకు ఎంత దుఃఖం కావాలో అంతే పెట్టారు. కరుణశ్రీగా పేరుపొందిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు గుంటూరులో తెలుగు చెప్పిన మాస్టారు. ఆయన పుష్పవిలాపంలో కోయడానికి వచ్చిన మనిషితో పూలు తమ మొర చెప్పుకుంటాయి. కుంతీకుమారిలో పెళ్ళి కాని తల్లి బిడ్డను నదిలో వదులుతుంది. ఈ రెండూ పుస్తకంలో చదివినవాళ్ళకన్నా ప్లేటు మీద విన్నవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్షరం రాని మా నాయనమ్మలకు పద్యాలు నోటికి వచ్చాయంటే వీటి వల్లనే. కాఫీ హోటల్లో ప్లేటు పెడితే బయట రోడ్డు మీద నిలబడి వినేవారట. లోపలికి వెళ్ళి కూర్చోవడానికి వీల్లేని వాళ్ళకు కూడా పాట రోడ్డు మీదికి వచ్చేది.

పగిలిన మా ప్లేటు వింటున్నప్పుడు మా తెలుగు మాస్టారు ఒక్క సంగతి గమనించమన్నారు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో చూడమన్నారు. ఎంత విన్నా మాకు దొరకలేదు.

సినిమాల్లో ఆయన చేసిన పని అందరికీ తెలిసిందే, పట్టీలు రాసి పేజీలు నింపము. సంగీత దర్శకుడిగా 1949లో కీలుగుర్రం, మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మ కథ, 1963లో లవకుశ ఒక్కచోట చెబితే చాలు. గాయకుడిగా 1953 నాటి దేవదాసు ఒక్కటి చాలు. మనదేశం నందమూరి తారక రామారావు గారి మొదటి సినిమా కూడా. ఇక్కడ మన జిల్లావాళ్ళు కాస్త గర్వపడవలసిన లెక్క ఒకటుంది. చౌటపల్లిలో 1922లో ఘంటసాల, నిమ్మకూరులో 1923లో రామారావు గారు, రామాపురంలో 1924లో నాగేశ్వరరావు గారు. మూడూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళే. రెండేళ్ళ తేడాలో పుట్టిన ముగ్గురిలో ఇద్దరు ముఖాలు, ఒకరు ఆ ఇద్దరికీ గొంతు. రామారావు గారికి పాడేటప్పుడు ఒకలా, నాగేశ్వరరావు గారికి పాడేటప్పుడు ఇంకోలా పాడేవారు. రేడియోలో పాట వస్తే కళ్ళు మూసుకుని ఎవరి సినిమాయో చెప్పడం మన పాత హాస్టళ్ళలో ఒక పందెమని పూర్వ విద్యార్థులు చెప్పారు. ఓడినవాడు ఆదివారం గుడ్డు గెలిచినవాడికి ఇచ్చేయాలి.

సొంత కంపెనీ కోరిక ఆయనకూ కలిగింది. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్ నిర్మించారు. ఏదీ కలిసిరాలేదు. పాడి సంపాదించినది అటు పోయింది. మళ్ళీ మైకు ముందు నిలబడి పాడుకున్నారు. వీ-జే దంపతుల కథకూ దీనికీ పోలిక కనిపించి మేము కాసేపు మాట్లాడుకున్నాము. పాడటం వేరు, లెక్క చూడటం వేరు అని ఒకరు, లెక్క చూసేవాడు నమ్మకమైనవాడైతే చాలునని ఇంకొకరు.

ఆయన గుణాల్లో మాకు బాగా నచ్చినది గురువును మరవకపోవడం. అన్నం పెట్టలేనని చెప్పి విద్య పెట్టిన సీతారామశాస్త్రి గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు మద్రాసు వచ్చి ఘంటసాల దగ్గర సహాయకుడిగా చేరారు. హార్మోనియం ముందు కూర్చుని చివరి దాకా, అంటే రమారమి ఇరవై ఏళ్ళు, వెన్నంటి ఉన్నారు. తండ్రి ఇంట నేర్చిన విద్య కొడుకుకు జీవనమయింది. సంగీతరావు గారు శతాధిక వయసులో 2021లో కన్నుమూశారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది. 1971లో జర్మనీ, ఇంగ్లండు, అమెరికా వెళ్ళి కచేరీలు చేశారు. అప్పటికే చక్కెర వ్యాధి ఒంటిని తినేస్తోంది, తరువాత గుండె కూడా ఇబ్బంది పెట్టింది. ఆ ఆరోగ్యంతోనే భగవద్గీత రికార్డు చేశారు. ఎంపిక చేసిన నూరు పైచిలుకు శ్లోకాలు, వెంట తెలుగులో తాత్పర్యం. సినిమా పాట పాడిన గొంతు అది కాదనిపిస్తుంది. నిలకడగా, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికే చెబుతున్నట్లు ఉంటుంది. ఆ రికార్డు విడుదల కావడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి యాభై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ ఏడాదే రికార్డు బయటికి వచ్చింది.

ఆ గీత మన డెల్టాలో ఎక్కడ వినిపిస్తుందో మనకు తెలుసు. తెల్లవారుజామున గుడి మైకులో, లేకపోతే ఎవరైనా పోయిన ఇంటి ముందు. చిన్నప్పుడు మాలో చాలామందికి ఆ గొంతు వింటే భయం. వీధి చివర అది వినబడగానే ఎవరు పోయారోనని అమ్మలు బయటికి వచ్చి చూసేవారు. మా పల్లెల్లో చర్చి మైకు ఒక పక్క, గుడి మైకు ఒక పక్క. చర్చికి వెళ్ళే మా స్నేహితుడొకడు, గీత సంగతి ఎలా ఉన్నా ఆ తెలుగు వచనం చదివిన తీరు విని తాను వక్తృత్వ పోటీకి తయారయ్యానని చెప్పాడు. వాడికి డివిజన్ స్థాయిలో రెండో బహుమతి వచ్చింది. గీత మీద మా సంపాదక వర్గంలో ఉన్న అభిప్రాయభేదాలు అలాగే ఉన్నాయి, దాచడం లేదు.

విజయవాడలో ఆయన పేరు నిలిచిన చోటు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. దానికి ఘంటసాల వెంకటేశ్వరరావు గారి పేరు పెట్టారు. తపాలా శాఖ 2003 ఫిబ్రవరి 11న ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. 2022 డిసెంబరు 4కు నూరేళ్ళు నిండాయి. ప్లేటు వినిపించుకుని బయటికి వచ్చాక బస్సుకు ఇంకా సమయం ఉంది గనక ఆ కళాశాల దాకా వెళ్ళాము. సాయంత్రం పూట లోపల పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు. గేటు దగ్గర ఉన్నాయనను ఇక్కడ చేరాలంటే ఏం కావాలని అడిగాము. సమాధానం చెబుతూ ఆయన ఎవరికోసమని అడిగారు. మాలో ఏడో తరగతి తమ్ముడొకడు చెయ్యెత్తాడు. వాడు పొద్దున ప్రార్థనలో పాడే కుర్రాడే, సంచిక చదివేవాళ్ళందరికీ తెలిసినవాడే. దరఖాస్తు కాగితం ఒకటి తెచ్చుకున్నాము. వార్డెన్ గారు సంతకం పెట్టారు. వారానికి రెండు సాయంత్రాలు పంపడానికి బస్సు పాసు సంగతి మాట్లాడుతున్నారు.

ప్లేటు ఇప్పుడు ఆఫీసు గదిలో బీరువా పై అరలో, అదే తువ్వాలులో ఉంది. చూడాలనుకున్నవారు అడిగితే చూపిస్తాము, చేతికి మాత్రం ఇవ్వము.